ఐరన్ మాత్రల కార్యక్రమం పనిచేసిందో లేదో తేల్చడం ఎలా: బడుల్లో ఆరోగ్య ప్రోత్సాహక కార్యక్రమాల మూల్యాంకనం

పాఠశాల ఆరోగ్యం మీద పనిచేసే ఏ సంస్థ వార్షిక నివేదిక తిరగేసినా ఇలాంటి వాక్యం ఒకటి కనిపిస్తుంది: ఇన్ని బడుల్లో రక్తహీనతపై అవగాహన సదస్సులు జరిపాం, ఇన్ని వేల మంది బాలికలకు ఐరన్ మాత్రలు అందజేశాం. ఆ అంకెలన్నీ నిజమే కావచ్చు. కాని వాటిని చదివిన తరువాత కూడా ఒక్క ఆడపిల్ల ఒంట్లోనైనా రక్తం పెరిగిందో లేదో మనకు తెలియదు. పెరిగినా, అది సదస్సు వల్ల పెరిగిందో, ఆ ఏడు మధ్యాహ్న భోజనంలో గుడ్డు క్రమం తప్పకుండా పెట్టినందువల్ల పెరిగిందో అసలే తెలియదు. ఈ రెండు ప్రశ్నలకు నమ్మదగిన జవాబు రాబట్టడమే మూల్యాంకనం. ఆ జవాబు ఏడాది చివర నివేదిక రాసేటప్పుడు దొరకదు. మొదటి మాత్ర పంచక ముందే దానికి ఏర్పాటు జరగాలి.

ప్రజారోగ్య విద్యార్థులకూ, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవారికీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకూ పనికివచ్చేలా ఆ ఏర్పాటు ఎలా చేసుకోవాలో ఒకే ఉదాహరణ పట్టుకుని వివరిస్తాను. ఉదాహరణ మనకు దగ్గరిదే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–19 ఏళ్ళ బాలికల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 60 శాతం, తెలంగాణలో దాదాపు 65 శాతం. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కింద 10–19 ఏళ్ళ పిల్లలకు వారానికొక నీలిరంగు మాత్ర ఇస్తారు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. దానితోపాటు ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర వేస్తారు. ఒక రెవెన్యూ డివిజన్‌లోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఈ మాత్రలు నిజంగా పిల్లల కడుపులోకి వెళ్ళేలా చూడటానికి మీ సంస్థ ఒక కార్యక్రమం తలపెట్టిందనుకుందాం. మాత్ర ఇచ్చే రోజు సోమవారం అనుకుందాం.

దేన్ని పరీక్షిస్తున్నారో ఒక వాక్యంలో రాయండి

చాలామంది ఇక్కడే తడబడతారు. మాత్ర ప్రభుత్వానిది, అది మీరున్నా లేకున్నా అన్ని బడులకూ రావాల్సిందే. కాబట్టి మీరు పరీక్షిస్తున్నది ఇనుము పనిచేస్తుందా లేదా అన్నది కాదు. మీరు అదనంగా చేస్తున్న పనులను పరీక్షిస్తున్నారు: ప్రతి తరగతిలో ఒక బాలికకు శిక్షణ ఇచ్చి తోటివారితో మాట్లాడించడం, అన్నం తిన్న తరువాతే టీచరు ఎదుట మాత్ర మింగించడం, రెండు నెలలకొకసారి తల్లులను పిలిచి కూర్చోబెట్టడం. అప్పుడు ప్రశ్న ఇలా ఉంటుంది: ఈ అదనపు పనులు జరిగిన బడుల్లో, అవి జరగని బడులతో పోలిస్తే, ఒక విద్యా సంవత్సరంలో డెసిలీటరుకు 12 గ్రాములకన్నా తక్కువ హిమోగ్లోబిన్ ఉన్న, అంటే రక్తహీనత ఉన్న, 12–15 ఏళ్ళ బాలికల శాతం ఎంత తగ్గింది? ఎవరిలో, దేనితో పోల్చి, ఎంత కాలంలో, ఏ కొలతలో అన్న నాలుగూ అందులో ఉన్నాయి. వీటిలో ఒక్కటి లోపించినా ఏడాది చివర ఎవరికి నచ్చిన జవాబు వారు చెప్పుకుంటారు.

తరువాత కారణాల గొలుసును కాగితం మీద గీయండి. మాత్రలు బడికి చేరాలి, సోమవారం పంచాలి, పిల్ల మింగాలి, ఒంటికి పట్టాలి, హిమోగ్లోబిన్ పెరగాలి. ప్రతి లంకె దగ్గరా ఒక కొలత పెట్టుకోవాలి. చివరి లంకె ఒక్కటే కొలిస్తే, ఫలితం రానప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో చెప్పలేరు. మాత్రలే సరఫరా కాలేదా? వచ్చినవి పంచలేదా? పంచినవి కిటికీ లోంచి బయటికి పోయాయా? అన్నీ సవ్యంగా జరిగినా ఇనుము లోపం కాక వేరే కారణం ఉందా? విటమిన్ బి12 లోపం వల్లా రక్తహీనత వస్తుంది. ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ సమస్యను, అంటే వంశపారంపర్యంగా వచ్చే ఎర్ర రక్తకణాల జబ్బును, దృష్టిలో పెట్టుకోవాలి. ఎన్ని మాత్రలు వేసినా అలాంటి పిల్లల్లో ఆశించిన పెరుగుదల కనిపించకపోతే అది కార్యక్రమం వైఫల్యం కాదు. పంపిణీ ఎంత బాగా జరిగినా దాన్ని విజయమనీ అనలేం.

ఎవరితో పోలుస్తారు?

జూన్‌లో ఒకసారి, మార్చిలో ఒకసారి రక్తం చూసి, తేడా అంతా మనదేనని రాసుకోవడం అందరికీ అలవాటైన పద్ధతి. అందరూ చేసేదే అయినా అది నమ్మదగినది కాదు. పిల్లలు ఏడాదిలో ఎదుగుతారు, కొందరు కొత్తగా రజస్వల అవుతారు, బియ్యం ధర మారుతుంది, ప్రభుత్వం ఇంకో పథకం తెస్తుంది. వీటన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. మొదటి పరీక్షలో బాగా తక్కువ వచ్చిన పిల్లలనే ఎంచుకుని వారికే కార్యక్రమం పెడితే, ఏమీ చేయకపోయినా రెండోసారి వారి సగటు పెరిగి కనిపిస్తుంది. మొదటిసారి అంత తక్కువ రావడంలో కొంత కొలత పొరపాటు, కొంత ఆనాటి యాదృచ్ఛికత ఉంటాయి; రెండోసారికి అవి సర్దుకుంటాయి. ఆ సర్దుబాటును మన ఘనతగా చెప్పుకున్న నివేదికలు తక్కువేమీ కాదు.

కాబట్టి పోలికకు వేరే బడులు కావాలి. అయితే కొన్ని బడులకు మేలు చేసి కొన్నింటిని ఊరికే వదిలేయడం న్యాయమా అని ప్రధానోపాధ్యాయులు అడుగుతారు, అడగాలి కూడా. దీనికి మన నేల మీదే ఒక మంచి జవాబు ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని విడతలవారీగా విస్తరిస్తున్న 1987–90 కాలంలో, పథకం అప్పటికే వచ్చిన పల్లెలనూ, ఇంకా రాని పల్లెలనూ కలిపి మొత్తం 29 గ్రామాలను తీసుకుని, గర్భిణులకూ చిన్న పిల్లలకూ అందే పోషకాహారం ఏం చేస్తుందో చూశారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఇందులో భాగస్వాములు. ఆ పిల్లలు 13–18 ఏళ్ళ వారయ్యాక మళ్ళీ వెతికి పట్టుకుని కొలిస్తే, పోషకాహారం అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారని 2008లో ప్రచురించారు. పథకం ఎలాగూ ఒకేసారి అన్ని ఊళ్ళకూ వెళ్ళలేదు. ఆ ఆలస్యాన్నే వారు పోలికకు వాడుకున్నారు.

మీరూ అలాగే చేయవచ్చు. శిక్షకులు తక్కువ కాబట్టి ఈ ఏడు సగం బడులు, వచ్చే ఏడు మిగతా సగం అని ముందే ప్రకటించండి. ఏ సగం ముందో మీరు నిర్ణయించకండి. ప్రధానోపాధ్యాయుల సమావేశంలో అందరి ఎదుటా చీటీలు వేయండి. మీరే ఎంచుకుంటే రోడ్డు పక్కన ఉన్నవి, చురుకైన హెచ్ఎం ఉన్నవి మొదటి జాబితాలోకి వచ్చేస్తాయి, పోలిక అక్కడే చెడిపోతుంది. బాలికల గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు ఉంటే వాటికి వేరే డబ్బాలో చీటీలు వేయాలి. హాస్టల్లో ఉండి తినే పిల్లనూ, ఇంటి నుంచి నడిచి వచ్చే పిల్లనూ ఒకే గాటన కట్టలేం.

ఎంతమంది చాలు?

లెక్క ఒకసారి చేసి చూపిస్తాను. రక్తహీనత 60 శాతం నుంచి 50 శాతానికి తగ్గితే గుర్తించాలని అనుకున్నారు. విడివిడి వ్యక్తులను చీటీలతో ఎంచితే, మామూలుగా వాడే ప్రమాణాల ప్రకారం ఒక్కో వైపు సుమారు 385 మంది చాలు. కాని మీరు ఎంచేది బడులను. ఒకే బడి పిల్లలు ఒకే నీళ్ళు తాగుతారు, ఒకే వంట తింటారు, ఒకే టీచరు మాట వింటారు. అందువల్ల ఒకరి ఫలితం పక్కవారి ఫలితాన్ని కొంత చెప్పేస్తుంది. ఒకే బడి పిల్లల మధ్య ఉండే ఈ సారూప్యాన్ని కొలిచే గుణకం 0.05 అనుకుని, బడికి 20 మందిని తీసుకుంటే, నమూనాను 1 + (19 × 0.05), అంటే 1.95 రెట్లు పెంచాలి. అప్పుడు ఒక్కో వైపు సుమారు 750 మంది, అంటే 38 బడులు. బడికి 40 మందిని తీసుకుంటే బడులు సగానికి తగ్గుతాయని ఆశపడకండి, నమూనాను 2.95 రెట్లు పెంచాల్సి వస్తుంది, 1,136 మంది కావాలి, బడులు 29కి మాత్రమే తగ్గుతాయి. బడిలో పిల్లల సంఖ్య పెంచడంకన్నా బడుల సంఖ్య పెంచడమే లాభం.

ఏడాదిలో కొందరు చదువు మానేస్తారు, కొందరు వలస పోతారు. పాలమూరు వంటి చోట్ల ఇది చిన్న సంఖ్య కాదు. నూటికి 15 మంది దొరకరనుకుంటే బడికి 20 బదులు 24 మందిని ఎంచుకోవాలి. అన్ని బడులు మీ చేతిలో లేకపోతే లెక్కను దబాయించకుండా ప్రశ్నను మార్చుకోండి: హిమోగ్లోబిన్ తేడా కాక, మాత్ర మింగిన వారాల సంఖ్యలో తేడాను ప్రధాన ఫలితంగా పెట్టుకుంటే తక్కువ బడులతోనే నిజాయితీగా పని పూర్తవుతుంది. పది బడులతో హిమోగ్లోబిన్ తేడా తేలుస్తామని రాసిన ప్రతిపాదన ఎంత అందంగా ఉన్నా నేను దానికి మద్దతివ్వను.

అనుమతి అంటే సంతకం కాదు

రక్తం చుక్క తీసే ప్రతి అధ్యయనానికీ నైతిక సంఘం, అంటే పరిశోధన వల్ల ఎవరికీ అన్యాయం జరగకుండా చూసే సంఘం, ఆమోదం ముందే ఉండాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లి లేదా తండ్రి అంగీకారంతోపాటు పిల్ల సమ్మతి కూడా తీసుకోవాలి. 12 ఏళ్ళు దాటితే ఆ సమ్మతి రాతలో ఉండాలి. హాస్టల్ పిల్లల విషయంలో వార్డెన్ సంతకం పెడితే సరిపోతుందన్న ఆలోచన ఎవరికైనా వస్తే ఖమ్మం గుర్తు చేయండి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టులో చాలా అంగీకార పత్రాలపై హాస్టల్ వార్డెన్ల సంతకాలే ఉన్నాయని తేలింది; 2010లో ప్రాజెక్టు ఆగిపోయింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. తల్లిదండ్రులను దసరా, సంక్రాంతి సెలవులకు పిల్లలను తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు కలవండి, ఆలస్యమైనా సరే.

ఇంకొక బాధ్యత. హిమోగ్లోబిన్ 8 గ్రాములకన్నా తక్కువ వచ్చిన పిల్ల మీ పోలిక బడిలో ఉన్నా సరే, ఆ రోజే తల్లికి చెప్పి ఆరోగ్య కేంద్రానికి పంపాలి. లెక్క చెడిపోతుందని ఆగకూడదు.

కొలవడం

హిమోగ్లోబిన్‌ను వేలి చుక్కతో చూస్తారా, సిర నుంచి తీసి చూస్తారా అన్నది మొదట తేల్చుకోండి. ఆ ఎంపిక ఎంత తేడా తెస్తుందో దేశవ్యాప్త సర్వేలే చూపించాయి. వేలి రక్తంతో చేసిన 2015–16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ళ బాలికల్లో రక్తహీనత 54 శాతం. సిర రక్తంతో చేసిన 2016–18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10–19 ఏళ్ళ బాలికల్లో 40 శాతం. వయసులు వేరన్న మాట నిజమే, కాని తేడాలో పద్ధతి వాటా కూడా ఉందని పోషకాహార నిపుణులు చాలాకాలంగా చెబుతున్నారు. జూన్‌లో వేలి చుక్కతో, మార్చిలో సిర రక్తంతో చూశారంటే, మీ కార్యక్రమం ఏమీ చేయకపోయినా రక్తహీనత తగ్గినట్టు కనిపించవచ్చు. రెండుసార్లూ ఒకే పద్ధతి, ఒకే యంత్రం, వీలైతే అదే టెక్నీషియన్.

వేలి చుక్కే ఎంచుకుంటే టెక్నీషియన్ పక్కన అరగంట నిలబడి చూడండి. చేయి చల్లగా ఉంటే గోరువెచ్చని నీళ్ళలో ఉంచాలి. మధ్య వేలుకో ఉంగరం వేలుకో పక్కగా సూది వేయాలి. స్పిరిట్ ఆరాక వేయాలి. మొదటి చుక్క తుడిచేయాలి. రక్తం సరిగా రాకపోతే వేలిని ఆవు పొదుగు పిండినట్టు పిండుతారు. అప్పుడు కణజాలంలోని నీరు కలిసి రక్తం పల్చబడుతుంది, అంకె తక్కువ వస్తుంది. పిండటం కన్నా ఇంకో వేలికి సూది వేయడం మేలు. మధ్యాహ్నం పిల్లల వరుస పొడుగైనప్పుడు, టెక్నీషియన్‌కు ఆకలి వేస్తున్నప్పుడు ఈ పిండుడు ఎక్కువవుతుంది. రోజుకు ఎంతమందిని చూడాలో ముందే పరిమితి పెట్టండి. ఆ టెక్నీషియన్‌కు ఏ బడి ఏ వైపుదో తెలియకపోతే ఇంకా మంచిది.

మాత్ర మింగడాన్ని కొలవడం ఇంతకన్నా కష్టం. రిజిస్టరు చూస్తే ప్రతి సోమవారం నూటికి నూరు టిక్కులు ఉంటాయి. నేను వెళ్ళిన ఒక బడిలో రాబోయే రెండు సోమవారాలకు కూడా టిక్కులు పడి ఉన్నాయి. ఆ టీచరును తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు. ఆవిడ ఒక్కరే మూడు తరగతులు చూస్తూ ఆరు రకాల రిజిస్టర్లు నింపుతున్నారు. అందుకే రిజిస్టరును ఒక ఆధారంగా మాత్రమే తీసుకుని, పక్కన మరో మూడు పెట్టుకోవాలి. ఒకటి, ఖాళీ స్ట్రిప్పుల లెక్క. వచ్చిన మాత్రలు, మిగిలినవి, ఖాళీ రేకులు ఒకదానితో ఒకటి సరిపోవాలి. రెండు, చెప్పకుండా వెళ్ళే సోమవారాలు. ముందు కబురు పెట్టి వెళితే బడి పెళ్ళిచూపుల నాటి ఇల్లులా ఉంటుంది. మూడు, పిల్లలనే అడగడం.

అడిగే తీరులోనే ఉంది అంతా. "ప్రతి వారం మాత్ర వేసుకుంటున్నావా?" అంటే ఏ పిల్లైనా అవుననే అంటుంది. "పోయిన సోమవారం బడికి వచ్చావా? ఆ రోజు మాత్ర ఇచ్చారా? దాన్ని ఏం చేశావు? కొందరు పారేస్తారు, కొందరు ఇంటికి తీసుకెళతారు, కొందరు మింగుతారు, నువ్వు?" అంటే నిజం బయటికి వస్తుంది. మాట కూడా ఊరిది కావాలి. రక్తహీనత అన్న మాట పాఠ్యపుస్తకంలో ఉంటుంది గాని ఇంట్లో ఎవరూ అనరు. "ఒంట్లో రక్తం తక్కువ" అంటారు. కోస్తాలో బిళ్ళ, తెలంగాణలో గోలీ. ఆకుకూరలు వారానికి ఎన్నిసార్లు తింటావని అడిగితే గోంగూర పచ్చడిని కొందరు లెక్కలోకే తీసుకోరు, అది వారి దృష్టిలో కూర కాదు. ప్రశ్నావళిని ముందుగా అధ్యయనంలో లేని ఒక బడిలో పది పదిహేను మందిపై వాడి చూసి, ప్రతి ప్రశ్న తరువాత "నీకు ఏం అర్థమైంది?" అని అడగండి. ఆ ఒక్క పూట పని తరువాతి ఏడాది పనిని కాపాడుతుంది.

కారణం అంకెల్లో దొరకదు

ఎంతమంది మింగలేదో అంకె చెబుతుంది. ఎందుకు మింగలేదో చెప్పదు. దానికి ఆరేడుగురు పిల్లలను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించాలి. ఒకే తరగతి వారు, చాప మీద గుండ్రంగా, మాట్లాడించేది ఒక మహిళ, గదిలో టీచరు ఉండకూడదు. మర్యాదకు ఆగిపోయిన టీచరును నీళ్ళు తెప్పించమని బయటికి పంపిన సందర్భాలు నాకు ఉన్నాయి. తలుపు మూసుకున్నాక వచ్చే మాటలు వేరు: వేసుకుంటే వికారం వస్తుంది, విరేచనం నల్లగా వస్తుందని భయం వేసింది, ఇవి పిల్లలు పుట్టకుండా చేసే బిళ్ళలని మా అత్త చెప్పింది. ఈ మూడింటికీ మందు వేరు. వికారానికి, అన్నం తిన్నాక వేయడం. నల్ల విరేచనం మామూలేనని మొదటి రోజే చెప్పాలి. మూడోదానికి పిల్లతో మాట్లాడి లాభం లేదు, అత్తతో మాట్లాడాలి. మధ్యాహ్న భోజనం వండే ఆవిడతో, ఆశా కార్యకర్తతో కూడా విడిగా మాట్లాడండి. మాత్రలు ఏ నెలలో రాలేదో రిజిస్టరుకన్నా వారికే బాగా గుర్తుంటుంది.

లెక్క కట్టడం

ఊహించిన అంకెలతో చూద్దాం. కార్యక్రమం జరిగిన బడుల్లో రక్తహీనత 61 శాతం నుంచి 47కి తగ్గింది; తగ్గుదల 14. పోలిక బడుల్లో 60 నుంచి 54కి తగ్గింది, తగ్గుదల 6. మీ అదనపు పనులకు చెందేది 14 కాదు, ఆ రెండింటి తేడా 8. ఆ 8 పక్కన దాని విశ్వాస పరిధి, అంటే అసలు తేడా ఎంత నుంచి ఎంత దాకా ఉండవచ్చో, కూడా రాయాలి; 2 నుంచి 14 దాకా అని వస్తే మేలు ఉందని చెప్పవచ్చు, మైనస్ 3 నుంచి 19 దాకా అని వస్తే తేలలేదని ఒప్పుకోవాలి. సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, పిల్లలు బడులవారీగా గుంపులుగా ఉన్నారన్న సంగతి దానికి చెప్పకపోతే పరిధి అబద్ధపు ఖచ్చితత్వంతో సన్నగా వస్తుంది.

మాత్రలు సరిగా మింగిన పిల్లలను మాత్రమే తీసుకుని ఫలితం చూపించాలన్న కోరిక చివర్లో ఎవరో ఒకరికి కలుగుతుంది. అలా చేయకండి. క్రమం తప్పక మింగే పిల్ల ఇంట్లో తిండి, తల్లి చదువు, బడి హాజరు కూడా వేరుగా ఉంటాయి. చీటీలో ఏ బడి ఏ వైపు వచ్చిందో ఆ బడి పిల్లలందరినీ ఆ వైపే లెక్కించండి. రెండోసారి దొరకని పిల్లలు ఎవరో విడిగా పట్టిక వేయండి; వలస పోయిన వారిలో మొదటి హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే, మిగిలిన వారి సగటు దానంతటదే పెరిగినట్టు కనిపిస్తుంది.

నివేదిక ఎవరికి?

నిధులిచ్చిన వారికి పంపే నివేదిక ఒకటి ఎలాగూ ఉంటుంది. దానిలో ఖర్చు కూడా లెక్కకట్టి, ఒక బాలికకు ఏడాదికి ఎంత పడిందో, అందులో శిక్షకుల జీతం ఎంత, ప్రయాణం ఎంతో విడగొట్టి రాయండి. కార్యక్రమాన్ని ప్రభుత్వం చేపట్టాలంటే అధికారులు మొదట అడిగేది అదే. మండల విద్యాధికారికీ వైద్యాధికారికీ రెండు పేజీలు చాలు, అందులో మాత్రలు ఏ నెలల్లో అందలేదో ఉండాలి. ప్రతి ప్రధానోపాధ్యాయుడికీ తన బడి అంకెలు మాత్రమే ఇవ్వండి. పక్క బడి పేరుతో పోల్చి చూపిస్తే మరుసటి ఏడాది రిజిస్టర్లన్నీ నూటికి నూరు అవుతాయి. పిల్లలకు వారి వారి హిమోగ్లోబిన్ అంకెను చీటీ మీద రాసి, మడిచి, ఎవరిది వారి చేతికే ఇవ్వండి. వెనక వైపు ఆ అంకెకు అర్థం ఏమిటో, తక్కువ ఉంటే ఏ రోజు ఏ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలో పెద్ద అక్షరాల్లో ఉండాలి, ఎందుకంటే ఆ చీటీ సాయంత్రం ఇంట్లో చదివేది తల్లి.

పోలిక బడులకు ఇచ్చిన మాట కూడా నివేదిక ఇచ్చే నెలలోనే తేదీతో సహా రాతపూర్వకంగా ఖరారు చేయండి. మొదటి విడతలో తేలిన లోపాలను, అన్నానికి ముందే మాత్ర పంచడం లాంటివి, సరిదిద్దాకే రెండో విడత శిక్షణ మొదలుపెట్టాలి.